పాత కారు హీటెక్కుతోందా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది దాటి ఎండలు ముదిరాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఒకరు టంగుటూరు టోల్‌గేటు పక్కన బానెట్ ఎత్తి నిలబడి ఉంటారు, ఇంకొకరు దోర్నాల దాటాక ఘాట్‌లో. బండి అంబాసిడర్ కావచ్చు, పద్మిని కావచ్చు, మారుతి 800 కావచ్చు, అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. మా ఇంట్లో నాన్న వాడిన అంబాసిడరూ, నేను కొన్న పాత మారుతి 800 రెండూ ఇంకా నడుస్తున్నాయి. వాటితో పడ్డ పాట్లలోంచే ఈ జవాబులు రాస్తున్నాను.

అందరూ ముందు "ఏం మార్చాలి?" అంటారు. నేను మాత్రం "ఎప్పుడు హీటెక్కుతోంది?" అని తిరిగి అడుగుతాను. ఆగినప్పుడా, పరిగెత్తేటప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? అది తేలితే సగం రోగం తెలిసినట్టే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, దేనికి దానికే జవాబు ఉంది.

### దారిలో ఉన్నప్పుడు

టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయిందన్నా. ఆపేయాలా, ఇంటిదాకా మెల్లిగా పోనియ్యొచ్చా?

ఆపేయండి. ఇల్లు రెండు కిలోమీటర్లే ఉన్నా ఆపేయండి. ఏసీ ఉంటే ముందు దాన్ని కట్టేయండి. హీటర్ ఉంటే వేడి పూర్తిగా తిప్పి దాని ఫ్యాన్ వేయండి. మే నెలలో అది భరించడం కష్టమే. కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. అలా చేస్తూనే రోడ్డు దిగి నీడ పట్టున ఆపండి. ఆవిరి రాకుండా, ఫ్యాన్ తిరుగుతూ ఉంటే ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను ఆన్‌లోనే ఉంచండి, ముల్లు దిగచ్చు. ఆవిరి వస్తున్నా, బెల్టు తెగినా, ముల్లు దిగకపోయినా వెంటనే ఇంజిన్ కట్టేయాలి. మారుతి 800 హెడ్, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే ఇంజిన్ పైభాగం, అల్యూమినియంది. నీళ్లు లేకుండా ఆ రెండు కిలోమీటర్లు తోలితే హెడ్ వంగిపోతుంది. గొట్టం మార్చుకుంటే తీరిపోయే పని హెడ్ దించేదాకా వస్తుంది.

రేడియేటర్ మూత ఎంతసేపటికి తీయొచ్చు?

కనీసం ముప్పావు గంట ఆగండి. తరవాత పై గొట్టాన్ని గుడ్డతో పట్టి నొక్కి చూడండి. మెత్తగా అణిగితే లోపల ఒత్తిడి తగ్గిందని అర్థం. రాయిలా ఉంటే ఇంకా ఆగాలి.

మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఒత్తిడి అంకె 0.9 అని రాసి ఉన్న మూత కింద నీళ్లు మరగాలంటే దాదాపు 118 డిగ్రీలు రావాలి. మూత తీయగానే ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతాయి. సింగరాయకొండ దాటాక మా బాబాయి తువ్వాలు చుట్టి ఇట్లాగే మూత తిప్పాడు. తువ్వాలు తడిసి చేతికి అతుక్కుపోయింది. మణికట్టు నుంచి మోచేయిదాకా తోలు లేచిపోయింది, ఆ మచ్చ ఈ రోజుకీ ఉంది.

చల్లారాక కూడా మూతను ముందు సగం వరకే తిప్పి ఆపండి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాక నొక్కి తీయండి. ముఖం పక్కకు పెట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

ఇంజిన్ మండిపోతా ఉంది. బానెట్ ఎత్తి బకెట్టు నీళ్లు కుమ్మరించొచ్చా?

వద్దు. కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో హెడ్డుకీ అదే అవుతుంది, వంగుతుంది లేదా పగులుతుంది. రేడియేటర్ రెక్కల మీద కొద్దిగా చల్లితే ప్రమాదం లేదు, ఇంజిన్ మీద మాత్రం పోయకండి. లోపల పోసే నీళ్లయినా ఇంజిన్ బాగా చల్లారాకే పోయాలి, అదీ కొద్దికొద్దిగా.

దగ్గర్లో బోరు నీళ్లే ఉన్నాయి. పోసేయొచ్చా?

దారిలో చిక్కుకుపోతే పోయండి. నీళ్లే లేకుండా తోలేదానికంటే ఏ నీళ్లయినా మేలు. అయితే వారంలోపు అవన్నీ దించేసి సరైన కూలెంట్ పోయాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు ఎంత చవుడో మీకు తెలిసిందే. టీ గిన్నె అడుగున పట్టే తెల్లటి గారే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పడుతుంది. గిన్నెనైతే తోముకుంటాం, రేడియేటర్ లోపలికి చెయ్యి పోదు. ప్రయాణంలో డిక్కీలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాను ఒకటి ఉంచుకోండి. అది లేకపోతే ఆర్‌వో ప్లాంటు నీళ్లయినా బోరు కంటే నయం.

బానెట్ కింద ఆవిరి లేస్తా ఉంది, ముల్లు మాత్రం కిందనే ఉంది. మీటరు పోయిందా?

మీటరు బాగానే ఉండచ్చు, నీళ్లే అయిపోయి ఉండచ్చు. ముల్లును నడిపే సెన్సారు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు దిగిపోయి అది గాలిలో మిగిలితే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు పడిపోతుంది. అప్పటిదాకా పైకి లేచిన ముల్లు ఏ కారణం లేకుండా గభాలున కిందికి దిగిందంటే సంతోషించకండి, వెంటనే బండి ఆపండి. నేను చూసిన పాడైన ఇంజిన్లలో ఎక్కువ భాగం ఇట్లా మోసపోయినవే.

### ఎప్పుడు హీటెక్కుతోంది?

రోడ్డు మీద పోతుంటే బాగానే ఉంటుంది. టోల్‌గేటు దగ్గరా, గేటు పడ్డప్పుడూ ముల్లు లేస్తా ఉంది. ఎందుకన్నా?

ఫ్యాన్‌ను అనుమానించండి. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌దే.

మారుతి 800 లాంటి కరెంటు ఫ్యాన్ బండి అయితే ముందు ఫ్యూజు చూడండి, తరవాత రిలే. ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టిన వైర్లతో నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వండి. తిరగకపోతే మోటారు పోయింది. జోరుగా తిరిగితే మోటారు మంచిదే, తప్పు థర్మో స్విచ్చిలోనో వైరింగ్‌లోనో ఉంది. తిరిగీ తిరగనట్టు ఈడుస్తుంటే మోటారు బ్రష్షులు అరిగాయి. చల్లగా ఉన్నప్పుడు బాగా తిరిగి, వేడెక్కాక మొరాయించే మోటార్లు కూడా ఉంటాయి.

ఫ్యాన్ తిరుగుతున్నా చాలదు, గాలి సరైన దిక్కుకే లాగాలి. రేడియేటర్ వెనక ఫ్యాన్ ఉన్న బండిలో ముందు వైపు ఒక దినపత్రిక కాగితం పెట్టి చూడండి. అతుక్కుని నిలబడాలి. జారి పడిపోయిందంటే గాలి లాగడం లేదు. మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరిగిన బళ్లు నేను రెండు చూశాను. రెండింటికీ అప్పటికే కొత్త రేడియేటర్ బిగించి ఉన్నారు!

అంబాసిడర్లో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో నొక్కితే 10-12 మిల్లీమీటర్లు దిగాలి, అంతకంటే వదులుంటే జారుతుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు ఎవరైనా తీసి పారేశారేమో కూడా చూడండి. అది లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న వేడిగాలినే తిప్పుకుంటూ ఉంటుంది.

టౌన్లో ఏమీ లేదు. హైవే ఎక్కి 80 దాటితేనే హీటెక్కతా ఉంది.

ఇప్పుడు గాలికి కొదవ లేదు కాబట్టి నీళ్ల ప్రవాహం సంగతి చూడాలి. రేడియేటర్ లోపల సగం గొట్టాలు పూడిపోయి ఉంటే టౌన్లో పుట్టే వేడికి మిగతా సగం సరిపోతుంది, హైవే మీద చాలదు. రెండో అనుమానం కింది గొట్టం. నీళ్లను పంపు ఆ గొట్టంలోంచే పీలుస్తుంది. గొట్టం పాతబడి మెత్తబడితే జోరు మీద పీల్పుకి అతుక్కుపోతుంది. మూత బిగించి, ఇంజిన్ వేడెక్కాక ఒకరు ఎక్సలేటర్ తొక్కుతుంటే కింది గొట్టాన్ని గమనించండి. చప్పిడి పడుతుంటే గొట్టం మార్చేయండి, చాలా తక్కువలో పోతుంది. మూడోది వాటర్ పంపు లోపలి రెక్కలు తుప్పుకి తినేయడం. మామూలు నీళ్లతో ఏళ్ల తరబడి తోలిన బళ్లలో ఇది ఎక్కువ.

శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే హీటెక్కతా ఉంది. బండిలో లోపమా, రోడ్డు మహిమా?

కొంత రోడ్డుది, కొంత బండిది. నిండా జనం, పైన లగేజీ, 44 డిగ్రీల ఎండ, మూడో గేర్లో ఈడ్చుకుంటూ ఎక్కడం, ఇవన్నీ కలిస్తే మంచి బండి ముల్లు కూడా కొంచెం లేస్తుంది. రెండో గేర్లోకి దిగి ఇంజిన్‌ను తేలిగ్గా తిరగనివ్వండి. పంపు, బెల్టు ఫ్యాన్ జోరందుకుంటాయి, ఇంజిన్ మీద బరువూ తగ్గుతుంది.

అయినా ఎర్ర గీత ముడుతుంటే మూడు చూడాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగి ఉంటే మంట ఆలస్యంగా మొదలై ఎగ్జాస్ట్ వైపు అంతా కాలిపోతుంది, పికప్ కూడా ఉండదు. కార్బొరేటర్లో చెత్త పడి పెట్రోలు తక్కువగా అందుతుంటే కూడా వేడి పెరుగుతుంది. బ్రేకులు పట్టి ఉన్నాయేమో చక్రాలు ముట్టి చూడండి. మిగతా మూడూ వెచ్చగా ఉండి ఒకటి కాలిపోతుంటే, పాపం ఇంజిన్ ఆ బ్రేకుతో కూడా పోట్లాడుతోంది.

పొద్దున్నే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు కాకముందే ముల్లు పైకి. ఇదేంది?

అంత తొందరగా ఇంజిన్ నిండా వేడి పుట్టదు. పుట్టిన కాస్త వేడీ బయటికి పోయే దారి లేదన్నమాట. పై గొట్టం ముట్టుకోండి. ముల్లు పైన ఉన్నా గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మూసుకుపోయింది, లేదా లోపల గాలి ఇరుక్కుంది. ఈ మధ్యే నీళ్లు దించి నింపి ఉంటే గాలే అయ్యుంటుంది. గొట్టం చల్లగా ఉన్నా అప్పుడే రాయిలా బిగుసుకుపోతే, హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఇవేవీ కాకుండా ఇంజిన్ నిజంగా చల్లగానే ఉంటే తప్పు సెన్సారుదో దాని వైరుదో.

ఏసీ వేస్తేనే ముల్లు లేస్తా ఉంది.

ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది. అది వదిలే వేడిగాలే రేడియేటర్‌కు అందుతుంది, పైగా కంప్రెసర్ ఇంజిన్ మీద అదనపు బరువు. ఆ రెండింటి మధ్య సందులో ఎండుటాకులు, పురుగులు, దుమ్ము చేరి పొరలా పట్టేస్తాయి, ముందునుంచి చూస్తే కనిపించవు. టార్చి వేసి పైనుంచి చూడండి. తరవాత బిగించుకున్న ఏసీ ఉన్న పాత బళ్లలో కండెన్సర్‌కు వేరే ఫ్యాన్ లేకపోతే అది పెట్టించుకోవాల్సిందే.

బండి కట్టేశాక రెండు నిమిషాలకి తాళం తిప్పి చూస్తే ముల్లు ఇంకా పైకి పోయింది.

ఇది మామూలే. పంపు ఆగిపోయాక ఇనుములో ఉన్న వేడి నిలిచిన నీళ్లలోకి దిగుతుంది. మళ్లీ స్టార్ట్ చేసిన నిమిషంలో దిగిపోతే పట్టించుకోనక్కర్లేదు.

### ఇంటి దగ్గర, ఇంజిన్ చల్లారాక

ముల్లు నిజం చెబుతోందో లేదో ఎట్టా తెలుస్తుంది?

మెకానిక్ దగ్గరుండే టెంపరేచర్ గన్‌తో థర్మోస్టాట్ గూడు దగ్గర కొలవండి. మెరిసే లోహం మీద గన్ తప్పు చూపిస్తుంది కాబట్టి ఒక నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్ దీనికి పనికిరాదు, అది జ్వరం కొలిచేంతవరకే పనిచేస్తుంది. వేడెక్కి నిలకడగా ఉన్న ఇంజిన్ దగ్గర 85-95 డిగ్రీలుంటే బాగున్నట్టే. హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ముల్లు కదులుతుంటే ఎర్తు వైరు తుప్పు పట్టింది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇది చాలా మామూలు.

యాడా కారడం లేదు, కానీ వారానికి అర లీటరు తగ్గతా ఉంది. నీళ్లు ఏమైపోతున్నాయి?

కారుతున్నాయి, మీకు కనిపించడం లేదంతే. వేడి ఇంజిన్ మీద పడ్డ చుక్క ఆవిరైపోతుంది, దాని మచ్చ మాత్రం మిగులుతుంది. రాత్రి బండి కింద అట్టపెట్టె ముక్కలు పరిచి తెల్లారి చూడండి. గొట్టాల క్లాంపుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉందా? వాటర్ పంపు కింద ఒక సన్నని కన్నం ఉంటుంది, లోపలి సీలు పోయినప్పుడు నీళ్లు అక్కడినుంచే వస్తాయి. దాన్ని ఎంసీల్ పెట్టి మూయొద్దు. పంపు ప్రాణం పోతోందని చెప్పేదే ఆ కన్నం. బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు బిళ్లలూ తుప్పు పట్టి చెమరుస్తాయి. కాళ్ల దగ్గర మ్యాటు తడిగా, తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్ (హీటర్ లోపలి చిన్న రేడియేటర్) పోయింది.

ఇవన్నీ చూసినా దొరక్కపోతే ప్రెషర్ టెస్టు చేయించండి. రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి మాత్రమే ఎక్కించి ఆ పంపు మీటరు ముల్లును చూస్తారు. ఆ ముల్లు దిగుతూ బయట తడి లేదంటే నీళ్లు సిలిండర్లోకి పోతున్నాయేమోనని అనుమానించాలి.

హెడ్ గాస్కెట్ పోయిందంటున్నారు. నిజమో కాదో నాకై నేను తేల్చుకోవాలంటే?

హెడ్ దించడం పెద్ద ఖర్చు కాబట్టి ఈ ఒక్క మాటను రుజువు లేకుండా నమ్మకండి.

తెల్లారుజామున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి గొంతుదాకా నీళ్లు నింపండి. మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. మొదట నాలుగైదు బుడగలు రావచ్చు, అది లోపల చిక్కిన గాలి. తరవాత నీటి పైభాగం నిలకడగా ఉండాలి. అలా కాకుండా సన్నటి బుడగలు ఒక వరసగా, అన్నం ఉడికేటప్పుడు వచ్చినట్టు, ఆగకుండా వస్తూ ఎక్సలేటర్ తొక్కగానే ఎక్కువైతే సిలిండర్లో మండిన గ్యాసు నీళ్లలోకి వస్తోంది. వంగి వాసన చూస్తే సైలెన్సర్ వాసన తగులుతుంది. ఇంజిన్ వెచ్చబడేలోపే ఈ పరీక్ష ముగించి కట్టేయండి.

ప్లగ్గులన్నీ విప్పి పక్కపక్కన పెట్టండి. మిగతావి గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్లోకి నీళ్లు పోతున్నాయి. ఆయిల్ పుల్ల మీద పాలు కలిపిన కాఫీ రంగు నురగ ఉందంటే నీళ్లు ఆయిల్లో కలిశాయి. అయితే ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొద్దిగా నురగ ఉంటే భయపడొద్దు, రోజూ అర కిలోమీటరు తిరిగే బళ్లలో చెమ్మ అట్లా పడుతుంది. మార్గశిర మాసపు పొద్దుల్లో సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి ఆవిరి కూడా మామూలే. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా ఆ తెల్లపొగ ఆగకపోతేనే లెక్క.

ఆఖరి రుజువు కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి కొలవడం. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ తెగింది.

మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసేయమని మెకానిక్ చెప్పాడు.

ఈ సలహా ఒంగోలు నుంచి సూళ్లూరుపేటదాకా ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది, నేను మాత్రం ఒప్పుకోను. ఇంజిన్ తన వేడికి తాను తొందరగా రావాలి. రాకపోతే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, అరుగుదల పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారి గొట్టాన్ని కూడా మూస్తుంది. అలాంటి బండిలో తీసేస్తే వేడినీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్లోకి తిరిగి వెళ్తాయి, అప్పుడు ఇంకా హీటెక్కుతుంది.

మంచిదో కాదో వంటింట్లోనే తేలుతుంది. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా పట్టుకుని పొయ్యి మీద పెట్టండి. పక్కన వంటకి వాడే థర్మామీటరు. వాల్వు మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి పళ్లెం మెల్లిగా లేవడం మొదలవ్వాలి, నీళ్లు తెర్లేసరికి బాగా తెరుచుకోవాలి. దించి చల్లారిస్తే మళ్లీ పూర్తిగా మూసుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది, అదే అంకెది వేయించండి. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడొద్దు.

రేడియేటర్ మూతకి కూడా అంత విలువ ఉందా?

ఉంది. లోపలి రబ్బరు ఎండి పగిలితే ఒత్తిడి నిలవదు, నీళ్లు 100 డిగ్రీలకే మరిగి పక్కనుండే కూలెంట్ డబ్బాలోకి పొంగిపోతాయి. మధ్యలో ఉండే చిన్న వాల్వు పట్టేస్తే ఇంజిన్ చల్లారినప్పుడు డబ్బాలోని నీళ్లు వెనక్కి రావు. డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉండటం దానికి గుర్తు. తెల్లారి పై గొట్టం పీల్చుకుపోయి ఉన్నా అదే. పాత మూత మీదున్న అంకే కొత్త దాని మీదా ఉండాలి. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే మంచిదనుకుంటారు, పాత రేడియేటర్ అతుకులు దానికి తట్టుకోవు.

రేడియేటర్ లోపల పూడిందో లేదో విప్పకుండా చెప్పొచ్చా?

చాలావరకు చెప్పచ్చు. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ కట్టేసి, రేడియేటర్ మొహం మీద గన్‌తో వరసగా కొలుస్తూ రండి. వేడి ఒక పక్కనుంచి ఇంకో పక్కకు క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఉన్నట్టుండి చల్లటి మచ్చ తగిలితే అక్కడి గొట్టాలు మూసుకున్నాయి.

బయటి మట్టి సంగతి వేరు. చీమకుర్తి రోడ్డు మీద రోజూ గ్రానైట్ లారీల వెనక తిరిగే బళ్ల రెక్కల్లో బూడిద రంగు పొడి సిమెంటులా గట్టిపడుతుంది. నెల్లూరు రైసుమిల్లుల వైపు తిరిగేవాటిలో ఊక ఉంటుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడగాలి. సర్వీస్ స్టేషన్లో ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి, ఉన్న దారులు కూడా మూసుకుంటాయి.

### షెడ్డులో

రేడియేటర్ బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

అంబాసిడర్ ఇత్తడి, రాగి రేడియేటర్ అయితే బాగు చేయించండి. పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నటి బద్దలు పోనిచ్చి గారంతా తీసి మళ్లీ టంకం పెడతారు. పనితనం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు, మీ ఊళ్లో ఒకరుంటే వాళ్లని వదులుకోకండి. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కోర్ ఉన్నది పగిలితే కొత్తదే.

లీకుకి పసుపు వేస్తే ఆగుతుందంటగా?

సన్న చెమ్మ అయితే కాసేపు ఆగుతుంది. దారిలో ఇంటికి చేరడానికి తప్ప వేయొద్దు. లీకును మూసిన పసుపే మంచి గొట్టాలనూ, హీటర్ కోర్‌నూ మూస్తుంది. డబ్బాల్లో అమ్మే లీకు మందులూ అంతే.

హెడ్ దించారు. నేను దగ్గరుండి ఏం చూసుకోవాలి?

హెడ్ అడుగున స్టీలు బద్ద నిలువుగా, అడ్డంగా, మూలమూలకీ పెట్టి, కింద ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి వంపు కొలిచి మీకు చూపించమనండి. చిన్న అల్యూమినియం హెడ్‌లకి హద్దు 0.05 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెదే తుది మాట. వంపు ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయిస్తారు, అంటే అడుగును చదును చేస్తారు. పగుళ్లకి కూడా పరీక్ష చేయించండి. వాల్వుల మధ్య సన్నటి గీత కంటికి ఆనదు. బ్లాకు పైభాగాన్ని కూడా కొలవమనండి, ఇది చాలామంది వదిలేస్తారు. బోల్టులు బిగించేది టార్క్ రెంచితోనే (ఎంత బిగువో కొలిచి చూపే పానా), మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో. చేతి అంచనా చాలంటే వేరే షెడ్డు చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, గాస్కెట్ ఎందుకు పోయిందో తేలాలి. ఫ్యాను పనిచేయక హీటెక్కి గాస్కెట్ పోయిన బండికి గాస్కెట్ మాత్రమే మారిస్తే నెల రోజుల్లో మళ్లీ అక్కడికే వస్తారు.

కూలెంట్ ఎంత, నీళ్లు ఎంత?

సగం సగం పోస్తే ఏ ఇంజిన్‌కైనా క్షేమం. ఆ మిశ్రమం ఒత్తిడి లేకుండానే దాదాపు 107 డిగ్రీలదాకా మరగదు. మనకి మంచు భయం లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్ చాలు, వేడి మోయడంలో నీళ్లే మెరుగు. అంతకంటే తగ్గించొద్దు, తుప్పు పట్టకుండా కాపాడే మందు అందులోనే ఉంది. చిక్కటి కూలెంట్ మాత్రమే పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు, వేడి ఎక్కువవుతుంది. పచ్చ, ఎరుపు కలపకండి. రంగు ఒకటే అయినా రకం వేరు కావచ్చు కాబట్టి డబ్బా మీద చదవండి. దించిన పాత కూలెంట్‌ను కాలువలోకో చెట్టు మొదట్లోకో వదలొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు, పశువులు తాగుతాయి, అది విషం.

### రోటరీ ఇంజిన్ సంగతి

మా మేనల్లుడు అమెరికాలో పాత మాజ్డా ఆర్ఎక్స్-7 కొన్నాడు. అది హీటెక్కతా ఉందంట. దానికీ ఇవే పరీక్షలా?

ఫ్యాను, మూత, పంపు, రేడియేటర్ పరీక్షలు అవే. కానీ అతనికి ఒక మాట గట్టిగా చెప్పండి: ఆ బండితో "ఇంకొక్క కిలోమీటరు" అనుకోకూడదు.

1978 నుంచి 2002 దాకా వచ్చిన ఆర్ఎక్స్-7లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటర్లు అల్యూమినియం గూళ్లలో తిరుగుతాయి. ఆ గూళ్లకి అటూ ఇటూ ఇనుప పలకలు, అన్నిటినీ కలిపి బిగించే పొడవాటి బోల్టులు. హెడ్డే లేదు కాబట్టి హెడ్ గాస్కెట్ కూడా లేదు. దాని పని గూటికీ పలకకీ మధ్య గాడుల్లో కూర్చున్న కూలెంట్ సీళ్లు చేస్తాయి. మంట ఎప్పుడూ గూటిలో ఒక పక్కనే మండుతుంది, ఇంకో పక్క చల్లటి గాలి వస్తూ ఉంటుంది. ఒకే లోహం ఒక చోట మరీ వేడిగా, ఒక చోట చల్లగా ఉంటే సాగుడులో తేడా వస్తుంది. ఒక్కసారి బాగా హీటెక్కితే చాలు, సీళ్లు పోతాయి. అవి మార్చాలంటే ఇంజిన్ మొత్తం దించి విప్పాలి.

సీలు పోయిన గుర్తులు మనకి తెలిసినవే. చల్లటి స్టార్టులో తెల్లపొగ, ఒక రోటర్ కాసేపు మిస్సింగ్, ప్లగ్గు తడి, రేడియేటర్ గొంతులో ఆగని బుడగలు, రోజురోజుకీ తగ్గే కూలెంట్. ఆ ఇంజిన్ వేడిలో పెద్ద భాగాన్ని ఆయిల్ మోసుకెళ్తుంది కాబట్టి ముందున్న ఆయిల్ కూలర్ రెక్కలు కూడా శుభ్రం చేయాలి. థర్మోస్టాట్ పక్కదారి మూసే రకమే, తీయకూడదు. 1990ల మోడల్ అయితే ముల్లు చాలా దూరం మధ్యలోనే నిలబడి, కదిలేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. డిగ్రీలు చూపించే వేరే మీటరు పెట్టించుకోమనండి. అదే మోడల్‌లో కూలెంట్‌లోని గాలి వేరుచేసే ప్లాస్టిక్ డబ్బా పాతబడి పగులుతుంది, దాన్ని ముందే మార్చుకోవడం మంచిది.

### పని అయ్యాక

కూలెంట్ మార్చాక మళ్లీ హీటెక్కతా ఉంది. పని చెడగొట్టారా?

గాలి ఇరుక్కుని ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా నిలిపి, మూత తీసి, హీటర్ వేడి వైపు తిప్పి స్టార్ట్ చేయండి. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగలు పోయి నీటి ధార వచ్చేదాకా వదులు చేయండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి, నింపండి. గొట్టాలను చేత్తో మెల్లిగా పిసకండి. బుడగలు ఆగాక మూత పెట్టండి.

ఇంక ధైర్యంగా దూరం తీసుకుపోవచ్చా?

మొదటి మూడు రోజులు ఊళ్లోనే తిప్పి, రోజూ పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద నీటి మట్టం చూసి డబ్బా మీద పెన్నుతో గీత పెట్టండి. మొదటి రోజు కొద్దిగా దిగితే మిగిలిన గాలి పోయిందని అర్థం. రెండో రోజు, మూడో రోజు గీత కదలకూడదు. తరవాత ఎండపూట ఒకసారి నెల్లూరు నుంచి కావలిదాకా వెళ్లి రండి. వెళ్లేటప్పుడు ఏసీ లేకుండా, వచ్చేటప్పుడు ఏసీతో. తిరిగి వచ్చాక ఊరి మధ్యలో పది నిమిషాలు ఆగి ఇంజిన్ నడవనివ్వండి. ఫ్యాన్ వేసుకుని, ఆపుకుని, మళ్లీ వేసుకుంటూ ముల్లును ఒకచోటే నిలబెడితే శ్రీశైలానికి బయల్దేరచ్చు.